జ్వరం నాటి గది

గొడవంతా కత్తెర కనపడకపోవడంతో మొదలైంది.

"నా కత్తెర ఎప్పుడూ పై సొరుగులో, ముందువైపే ఉంటుందమ్మా. చూడకుండా చెయ్యి పెడితే తగలాలి," అంది టైలరమ్మ. "గురువారం మధ్యాహ్నం కుట్టిన బట్టలు ఇచ్చేసి ఇంటికొచ్చాను. సొరుగు లాగితే లేదు. తడిమితే వెనక మూల దొరికింది. మొన గోడవైపు తిరిగి ఉంది. పైన మడతపెట్టిన గుడ్డ కప్పి ఉంది."

"అప్పుడేం చేశారు?" అడిగింది డిటెక్టివ్.

"అప్పటికే గుమ్మంలో కుర్చీ చూశాను కదా. ఇదిగో, ఇక్కడే నేల మీద కూలబడ్డాను."

కుర్చీ ఇప్పుడూ అక్కడే ఉంది. నల్లబడిన కొయ్య కుర్చీ, దాని మీద మిగులు ముక్కలతో కుట్టిన దూది మెత్త. ఏళ్ల తరబడి అది కిటికీ పక్కన, కుట్టుమిషనుకు ఎదురుగా ఉండేదట. ఇప్పుడు పడగ్గది గుమ్మానికి అడ్డంగా, లోపలి మంచం కనిపించేలా తిరిగి ఉంది. అటూ ఇటూ నడవాలంటే పక్కకి ఒదగాలి. గురువారం నుంచి టైలరమ్మ అలా ఒదిగే తిరుగుతోంది గానీ దాన్ని జరపలేదు. మెత్త మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

"ఇంతకుముందు ఎప్పుడైనా కుర్చీ ఇక్కడుండేదా?"

"ఉండేది. ఒక్క మూడు రోజులు. పాపకి నాలుగేళ్లప్పుడు పెద్ద జ్వరమొచ్చింది. ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని, దాని ఊపిరి వింటూ కూర్చునేవాడు. జ్వరం కాస్త తగ్గినప్పుడల్లా అది మంచం దిగొచ్చి సొరుగులు లాగేది. అందుకని కత్తెర వెనక్కి తోసి, మొన గోడకి తిప్పి, గుడ్డ కప్పాను. నేనే కప్పాను. నాలుగో రోజు తెల్లారేసరికి వాళ్లొచ్చారు."

వాళ్లంటే ఎవరని డిటెక్టివ్ అడగలేదు. ఆ రహస్య పోలీసు శాఖకి బోర్డు ఉండేది కాదు. జనం గొంతు తగ్గించి 'ఆఫీసు' అనేవారు. ప్రభుత్వం మారాక దానికి తాళం పడింది. తీసుకెళ్లినవాళ్లలో కొందరు తిరిగొచ్చారు, కొందరు పోయారని కబురొచ్చింది, కొందరి సంగతి చెప్పే దిక్కే లేకపోయింది. టైలరమ్మ భర్త ఆ చివరి రకం. ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాడు. కూర్చకూడనిదేదో కూర్చాడు. ఇరవై రెండేళ్లు అయింది.

"చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ, 'పాపకి మందు మర్చిపోకు, వెళ్లొస్తాను' అన్నాడు. బజారుకెళ్లేవాడు అన్నట్టే అన్నాడు."

డిటెక్టివ్ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. తప్పిపోయినవాళ్లని వెతికిపెట్టడం ఆమె పని. ఎవరు వెళ్లొస్తానన్నా వాకిట్లోకి వచ్చి, మనిషి మలుపు తిరిగేదాకా చూడ్డం ఆమె అలవాటు. ఆమె భర్త పోలీసు. ఒక పొద్దున ఆయన వెళ్లొస్తానంటే వంటింట్లోంచే, వెనక్కి తిరక్కుండానే, "ఆఁ" అంది. ఆ తర్వాత ఆయన్ని ఆస్పత్రిలో, మొహం మీది గుడ్డ తీసి చూపించారు.

"తలుపు తాళం ఎప్పుడైనా మార్చారా?"

"ఎలా మారుస్తానమ్మా? ఒక తాళంచెవి ఆయన చొక్కా జేబులో ఉండిపోయింది."

"ఇంకేమైనా తేడా కనిపించిందా?"

"వంటింట్లో బిందె పక్కన గ్లాసు తడిగా ఉంది. నేను పొద్దున్నే కడిగి, తుడిచి బోర్లించి వెళ్లాను." టైలరమ్మ కళ్లు వెలుగుతున్నాయి. "రేపు మా అమ్మాయి వచ్చి నన్ను తీసుకెళ్తుంది. ఇల్లుగలాయన ఇది పడగొట్టిస్తున్నాడు. సామానుకి మనిషిని కూడా మాట్లాడాం. మీరు ఒక్కటే తేల్చి చెప్పండి. గురువారం వచ్చింది ఆయనేనా? కాకపోతే కళ్లు తుడుచుకుని అమ్మాయి వెనకాల వెళ్లిపోతాను. ఆయనే అయితే, రేపు నేను తాళం ఇచ్చేశాక మళ్లీ వచ్చినప్పుడు ఏ తలుపు కొడతాడు?"

గుమ్మం బయట ఎవరో గట్టిగా దగ్గారు. పోలీసు ఇన్‌స్పెక్టరు. డిటెక్టివ్‌కి స్వయానా మరిది.

"వదినా, ఒక్క మాట," అన్నాడు.

ఇద్దరూ మెట్ల మీదికి వచ్చారు. అతను టోపీ చంకలో పెట్టుకున్నాడు. అన్న పోయినప్పటి నుంచీ వదిన ఎదుట టోపీ పెట్టుకోడు. కానీ నోరు మాత్రం అదుపులో పెట్టుకోడు.

"నీ భూతద్దం సంచీలో పెట్టేసెయ్. కేసు లేదు ఇక్కడ. తాళం మీద గీత లేదు, పోయిన వస్తువు లేదు. ముసలావిడ రేపు ఇల్లు వదిలి వెళ్తోంది, పాత బెంగ. కుర్చీ తనే జరిపి, తనే మర్చిపోయింది."

"అంత బరువు కుర్చీ జరిపి మర్చిపోయిందా? నువ్వు నిన్న మా ఇంట్లో బల్ల ఒక్క మూల ఎత్తి, దాని గురించి భోజనం అయ్యేదాకా చెప్పావు."

"నడుం నొప్పి వదినా. వెక్కిరించకు. సరే, దొంగే వచ్చాడనుకో. కత్తెరకి గుడ్డ కప్పి, మంచినీళ్లు తాగి, గ్లాసు పక్కన పెట్టి వెళ్లాడంటావా? అంత మర్యాద తెలిసిన దొంగ దొరికితే మా స్టేషన్లో ఉద్యోగం ఇప్పిస్తాను. డాక్టరు చేత మతిమరుపని ఒక కాయితం రాయించి మూసేద్దాం."

"అలాంటి కాయితం చేతికొస్తే ఆవిడ తన కళ్లని తనే నమ్మదు. నోరు మూసుకుని లోపలికి రా."

ఆమె సొరుగుల బల్లని పక్కకి లాగమంది. అతను నడుం పట్టుకుని, మూలుగుతూ లాగాడు. వెనక గోడలో, మోకాలి ఎత్తున, రూపాయి బిళ్లంత కన్నం. దాని చుట్టూ పెచ్చు కొత్తగా రాలింది. కన్నంలోంచి వేలెడు తీగ వేలాడుతోంది. కొస తళతళ మెరుస్తోంది, కోసి ఎన్నాళ్లో కాలేదు.

ఇన్‌స్పెక్టరు మొహంలో నవ్వు ఆరిపోయింది.

"ఆవిడ మతి మర్చిపోయి గోడలో మైకు కూడా పెట్టుకుందంటావా?" మెల్లగా అడిగింది డిటెక్టివ్.

"వదినా, దీని జోలికి పోకు." అతను గొంతు తగ్గించాడు. "ఆఫీసు మూసేశారు గానీ అందులో మనుషుల్ని మూసెయ్యలేదు. ఒకాయన మాకు పైనే ఉన్నాడు. నాకు పిల్లలున్నారు."

"నాకూ నువ్వున్నావు. అందుకే నిన్ను అడగడం లేదు, నేనే చూసుకుంటాను. ఒక్క పని చెయ్యి. ఎవరో ఇంట్లో దూరారన్నది నిజం. ఆవిడ ఒంటరిది. రేపటిదాకా గుమ్మం దగ్గర ఒక మనిషిని నిలబెట్టు."

అతను కాసేపు గోడకేసి చూశాడు. "సరే, కానిస్టేబుల్ని పంపిస్తాను. నువ్వు అడిగావని కాదు. కాదంటే మళ్లీ వెళ్లేటప్పుడు వాకిట్లోకొచ్చి అలా చూస్తూ నిలబడతావు, నాకు రోజంతా అదే గుర్తుంటుంది."

అతను వెళ్లాడు. ఆమె నిలబడే చూసింది.

లోపలికొచ్చి టైలరమ్మ పక్కన నేల మీదే కూర్చుంది. "ఒకటి చెప్పండి. జ్వరం వచ్చిన ఆ మూడు రోజుల్లో ఇల్లు ఎప్పుడైనా ఖాళీగా ఉందా?"

"మూడో రోజు. పాపని ఆస్పత్రికి ఎత్తుకెళ్లాం. ఇద్దరం వెళ్లాం."

"అయితే ఆ రోజే ఎవరో వచ్చి గోడలో మైకు పెట్టి ఉంటారు. సొరుగు తీసి, పని చేసుకుని, ఎక్కడి వస్తువు అక్కడ పెట్టేసి వెళ్లి ఉంటారు. ఆ మనిషికి ఈ గది ఒక్క రోజే తెలుసు. గురువారం మళ్లీ వచ్చాడు. తీగ కోశాడు. చేతికి అలవాటైన పని కదా, అన్నీ సర్దేశాడు. కానీ ఇప్పటి గదిలా కాదు, అప్పటి గదిలా సర్దాడు."

టైలరమ్మ కుర్చీకేసి తిరిగింది. "కుర్చీ ఆయన చివరిసారి కూర్చున్న చోటే ఉంది కదమ్మా," అంది. "మనిషి తిరిగొస్తే లేచిన చోటే కూర్చోడా?"

"కూర్చుంటాడు. ఇంటికొచ్చిన మొగుడు కుర్చీ జరుపుకుంటాడు, కాదనను. సొరుగు తీసి, కత్తెర మొన గోడకి తిప్పి, గుడ్డ కప్పుతాడా?"

టైలరమ్మ కళ్లలో వెలుగు ఆరడం చూసి, మాట వెనక్కి తీసుకోవాలనిపించింది డిటెక్టివ్‌కి. తీసుకోలేదు. చేతిలో చెయ్యి వేసి, "ఈ మధ్య ఇంట్లోకి కొత్తవాళ్లెవరైనా వచ్చారా?" అని మాత్రం అడిగింది.

"సామాన్లు సర్దే పెద్దాయన ఒక్కడే. సోమవారం వచ్చి చూసుకుని వెళ్లాడు. బంగారంలాంటి మనిషి. కాయితం మీద ఏమీ రాసుకోలేదు. ఒక్కసారి చుట్టూ చూసి, మీ కొత్తింట్లో అచ్చం ఇలాగే పెట్టిస్తానమ్మా అన్నాడు. మంచినీళ్లిస్తే మాత్రం పుచ్చుకోలేదు. రెండుసార్లు ఇచ్చాను. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు."

డిటెక్టివ్ లేచింది.

* * *

సామాన్ల గోడౌను ఊరి చివర రేకుల షెడ్డు. లోపల చెక్కపెట్టెలు, తాళ్ల చుట్టలు, పాత దినపత్రికల కట్టలు. మూల ఒక బల్ల. దాని వెనక సామాన్ల పెద్దాయన, సన్నగా, శుభ్రంగా, బొత్తాలన్నీ పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన స్టవ్ మీద ఇంకొక ముసలాయన టీ కాస్తున్నాడు. ఆయన్ని ఈయన "చెవీ" అని పిలిచాడు. లావుపాటి మనిషి, నిద్రమొహం.

"కూర్చోండమ్మా, స్టూలు తెస్తాను," అని పెద్దాయన లోపలికెళ్లాడు.

ఆయన అటు తిరగ్గానే డిటెక్టివ్ బల్ల మీద టేపుని ఎడమ నుంచి కుడికి మార్చింది. పెన్సిలు తిప్పిపెట్టింది. జిగురు డబ్బాని జానెడు ముందుకి జరిపింది. టీ కాసే ఆయన చూశాడు. పెదవి కొసన నవ్వుకున్నాడు.

పెద్దాయన స్టూలు వేశాడు. "ఏ ఇల్లమ్మా? ఎప్పుడు మారుతున్నారు?" అంటూనే టేపు ఎడమకి తెచ్చాడు. పెన్సిలు తిప్పాడు. డబ్బా వెనక్కి జరిపాడు. మూడు పనులూ ఆమె మొహం చూస్తూనే చేశాడు.

"దొరికిపోయావురా," అన్నాడు చెవి, టీ వడకడుతూ.

డిటెక్టివ్ ఆ గోడలోంచి తెచ్చిన తీగముక్క తీసి బల్ల మీద పెట్టింది. పెద్దాయన దాన్ని ముట్టుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"మీరు పోలీసులా?"

"కాదు. తప్పిపోయినవాళ్లని వెతుకుతాను."

"ఆవిడకి తెలుసా?"

"గోడలో కన్నం చూసింది. మీరని తెలీదు. బంగారంలాంటి మనిషంది మిమ్మల్ని."

ఆ మాటకి పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. చెవి టీ గ్లాసు తెచ్చి ఆయన చేతిలో పెట్టి, వేళ్లు దాని చుట్టూ ముడిచాడు, చిన్నపిల్లాడికి చేసినట్టు.

"ఆఫీసులో నా పేరు సర్దుబాటు, వాడి పేరు చెవి," అన్నాడు పెద్దాయన. "ఖాళీ ఇంట్లోకెళ్లి, ఆనవాలు లేకుండా తిరిగి సర్దడం నా పని. ఒక్కసారి చూస్తే గది మొత్తం నా చేతుల్లో ఉండిపోతుంది, తలలో కాదు. ఎన్ని ఇళ్లో. సోమవారం ఆవిడ తలుపు తీసినప్పుడు కూడా గుర్తుపట్టలేదు. లోపల అడుగు పెట్టాక చేతులు గుర్తుపట్టాయి. ఇల్లు పడగొడితే కూలీలకి మైకు దొరుకుతుంది. ఎవరో ఒకరు ఆవిడకి చెప్తారు. ఇన్నేళ్ల తర్వాత, పోయే ముందు, ఆ ముక్క కూడా ఎందుకు తెలియాలి? తీసేద్దామనుకున్నాను."

"ఆవిడ కోసమా, మీ కోసమా?"

"నా కోసమే," ఒప్పుకున్నాడు. "ఆవిడ కోసమని అనుకుంటే నడక తేలిగ్గా ఉంటుందని అలా అనుకున్నాను."

"మేం ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదమ్మా," అన్నాడు చెవి.

"చెయ్యి చేసుకునేవాళ్లకి తలుపు తీసిపెట్టారు."

స్టవ్ మీద గిన్నె చిటపటలాడింది. పెద్దాయన నవ్వలేక నవ్వాడు. "ఆ మాట రోజూ మేమే అనుకుంటాం. ఒకరోజు నేను అంటాను, వాడు కాదంటాడు. మర్నాడు వాడు అంటాడు, నేను కాదంటాను. వంతులు. ఇవాళ కాదనడం వాడి వంతు. మీరొచ్చి నా వంతు లాక్కున్నారు."

"పెళ్లాం పిల్లలు లేరా మీకు?"

"నాకుండేది. నాలుగేళ్లు ఉంది. తను ఏ వస్తువు ఎక్కడ పెట్టినా, నేను వెనకాలే వెళ్లి మొదట ఉన్నచోట పెట్టేవాణ్ణి. నాకు తెలీకుండానే. నీతో ఉంటే వేరేవాళ్లింట్లో ఉన్నట్టుందని వెళ్లిపోయింది. తను వెళ్లిన రోజు దువ్వెన మంచం మీద పారేసి వెళ్లింది. అది మాత్రం నేను తియ్యలేదు. చాలాకాలం అక్కడే ఉంది."

"నేను చేసుకోలేదు," అన్నాడు చెవి. "నాకు సంసారాలు సరిపోయాయి. యంత్రం చెవులకి తగిలించుకుని పొద్దున్నుంచి ఇంకొకళ్ల సంసారం వినడమే కదా. ఈవిడింటి వరస వేరు. ఆయన్ని తీసుకెళ్లాక, ఇక వినక్కర్లేదని పైవాళ్లు చెప్పడం మర్చిపోయారు. చెప్పలేదు కాబట్టి ఏడాది పైన విన్నాను." స్టవ్ ఆర్పి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "ఆవిడ మిషను తొక్కుతూ ఆయనతో మాట్లాడేదమ్మా. ఆయన అక్కడే ఉన్నట్టు. పాపకి పన్ను ఊడిందని, పాలు పొంగిపోయాయని, ఎర్రదారం రంగు ఎక్కడా కలవడం లేదని. నేను ఇంటికెళ్తూ మా వీధి దుకాణంలో ఎర్రదారం ఉండలు చూస్తూ నిలబడేవాణ్ణి. కొని ఏం చేస్తాను? ఎలా ఇస్తాను?"

"ఒరేయ్, చాల్లే."

"చెప్పనీరా. ఎవరికి చెప్పాం ఇది? ఒకరోజు మిషను ఆగిపోయింది. చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత, 'వింటున్నావా' అంది. ఆయన్నే అడిగింది, నన్ను కాదు. ఆ గదిలో ఒక్కణ్ణీ కూర్చుని, 'ఆఁ' అన్నాను. పైకే అన్నాను. మర్నాటి నుంచి ఆ ఇంటి యంత్రం చెడిపోయిందని చెప్పి, ఇంక వినలేదు."

డిటెక్టివ్ టీ గ్లాసు కింద పెట్టేసింది. ఆ ఒక్క అక్షరం తను వంటింట్లోంచి అన్న రోజు గుర్తొచ్చింది. వీళ్ల మీద కోపంగా ఉండాలని గట్టిగా అనుకుంది. సగమే ఉండగలిగింది.

"ఆయన ఏమయ్యాడు?" అడిగింది. "అది చెప్పండి చాలు. ఆవిడ రేపు ఆ ఇల్లు వదలాలా, ఉండాలా?"

"ఒట్టు, తెలీదమ్మా. మా పని తలుపు దగ్గర ఆగిపోయేది. ఆ తర్వాతంతా వేరే మనుషులు. నేను ఆయన మొహం కూడా చూడలేదు. ఖాళీ ఇళ్లే చూశాను."

అయితే ఇక చెప్పడానికి ఏముంది. వచ్చింది మీ ఆయన కాదమ్మా, ఆఫీసు ముసలాయన అని చెప్పాలి. సర్దుకుని అమ్మాయితో వెళ్లండి అనాలి. సంచీ భుజానికి తగిలించుకుంటూ, ఏదో ఒకటి అనాలి కాబట్టి అంది: "సోమవారం ఆవిడ చేతి నీళ్లు పుచ్చుకోలేదు. గురువారం మాత్రం గ్లాసు తీసుకుని తాగారు."

పెద్దాయన తల ఎత్తాడు. "నేనా? ఆ ఇంట్లో నీళ్లు నా గొంతు దిగుతాయా అమ్మా? నేను వంటింట్లోకే వెళ్లలేదు."

డిటెక్టివ్ మళ్లీ కూర్చుంది.

"కుర్చీ?"

ఆయన గ్లాసుని బల్ల మీది తడి గుర్తులో సరిగ్గా కుదర్చాలని చూశాడు. కుదరలేదు.

"కత్తెర మొన గోడకి తిప్పి, గుడ్డ కప్పి, అప్పటిలా సర్దారు సరే. కుర్చీ ఎందుకు జరిపారు?"

"జరపలేదమ్మా. నేను తలుపు తీసేసరికే అక్కడుంది. సోమవారం కిటికీ దగ్గర చూశాను. గురువారం గుమ్మంలో ఉంది, పాతకాలంలో ఆ ఒక్కరోజు చూసినట్టే. అది చూడగానే నా చేతులు అక్కడికెళ్లిపోయాయి, ఆ రోజుకి. సొరుగు లాగాను, తీగ కోశాను, తిరిగి సర్దాను. మీరు వచ్చి కత్తెర అనేదాకా ఆ రోజులా సర్దానని నాకే తెలీదు."

"కుర్చీ ఎవరు జరిపారు మరి?"

"మా పనిలో ఒక పద్ధతి ఉంది. గదిలోకి వెళ్లగానే కూర్చునే చోట్ల మీద చేతి వెనకవైపు ఆనించి చూస్తాం, ఎవరైనా ఇప్పుడే లేచారేమోనని." ఆయన తన ఎడమచేతి వెనకవైపు చూసుకున్నాడు. "మెత్త వెచ్చగా ఉంది."

టీ వడకట్టే గుడ్డ పిండుతున్న చెవి ఆగిపోయాడు. "నాకు చెప్పలేదేంరా?"

"నీకు చెప్తే నిజమైపోతుందని." పెద్దాయన మళ్లీ ఆమె వైపు తిరిగాడు. "వెళ్లిపోవాల్సింది. రెండు నిమిషాల పనే కదా అనుకున్నాను. సొరుగు మూస్తుంటే వంటింటి తలుపు వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. పరుగెత్తుకొచ్చేశాను. మాకు దయ్యాలంటే భయం లేదమ్మా. మనుషులు తిరిగి రావడమంటేనే భయం."

"ఎలా సవరించుకున్నారు?" అన్నాడు చెవి. నిద్రమొహం ఎక్కడికో పోయింది. "చేసి చూపించు."

పెద్దాయన చూపించాడు. పొడిగా, చిన్నగా ఒకసారి, ఆగి ఇంకోసారి, చివర్లో ముక్కుతో గాలి వదలడం.

"మళ్లీ చెయ్యి."

మళ్లీ చేశాడు. చెవి గుడ్డ వదిలేశాడు. కళ్లు మూసుకుని, ఒక చెయ్యి చెవి మీద ఆనించుకుని నిలబడ్డాడు. రేకుల మీద పిట్టలు నడుస్తున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"ఆయనే," అన్నాడు. "ఆ గోడలో మైకు పెట్టాక మాకు దొరికింది ఒక్క రాత్రే. నేను విన్న ఆయన గొంతు అంతే. రాత్రంతా పాప దగ్గర కూర్చుని, లేచినప్పుడల్లా అలాగే సవరించుకున్నాడు, పాప ఉలిక్కిపడకుండా నెమ్మదిగా. అది వింటూనే నేను తెల్లారేదాకా ఉన్నాను. వాళ్లొచ్చి తలుపు కొట్టడం కూడా విన్నాను."

డిటెక్టివ్‌కి అర్థమైంది. టైలరమ్మ మాటే నిజం. మనిషి తిరిగొచ్చి లేచిన చోటే కూర్చున్నాడు. దాహం వేసి వంటింట్లోకెళ్లి నీళ్లు తాగాడు. అంతలో తాళం తెరుచుకుంది. భార్య అనుకుని ఉంటాడు. తలుపు సందులోంచి చూస్తే, తన ఇంట్లో, తన సొరుగు దగ్గర వంగి, గోడలోంచి తీగ లాగుతున్న మనిషి.

"మిమ్మల్ని చూశాడు," అంది మెల్లగా. "ఆఫీసు ఇంకా ఉందనుకుంటాడు. ఇంకా ఆ ఇంటిని కాపలా కాస్తోందనుకుంటాడు. తను తలుపు కొడితే ఆవిడ మెడకి చుట్టుకుంటుందని..."

కాపలా. ఇన్‌స్పెక్టరు పంపిస్తానన్న కానిస్టేబుల్. తనే అడిగి పెట్టించిన మనిషి. ఈపాటికి టోపీ పెట్టుకుని, లాఠీ పట్టుకుని, సరిగ్గా గుమ్మం ముందు నిలబడి ఉంటాడు.

ఆమె ఫోన్ తీసింది. మరిది మొదటి గంటకే ఎత్తాడు.

"నేనే చేద్దామనుకుంటున్నాను వదినా. ఇక నీ భూతద్దాన్ని వెక్కిరించను, ఒట్టు. నువ్వన్నట్టే ఎవడో వచ్చాడు. మావాడు ఇప్పుడే చెప్పాడు. ముసలాడు, భుజాన సంచీ. ఎదురు అరుగు దగ్గర నిలబడి ఆవిడ కిటికీకేసే చూస్తున్నాడట. మావాడు వెళ్లి ఎవరు కావాలంటే, ఎవరూ వద్దు బాబూ అని వెనక్కి తిరిగాడట."

"టైలరమ్మ చూసిందా?"

"లోపల మిషను తొక్కుకుంటోంది. ఆవిడకేం తెలుసు? ముసలాణ్ణి పట్టుకోమంటావా?"

"ముట్టుకోవద్దు. ఎవరూ వెంటపడొద్దు. మీవాణ్ణి ఈ క్షణమే అక్కణ్ణుంచి పంపించెయ్. ఎటు వెళ్లాడు?"

"బస్టాండు వైపు. వదినా, ఏం జరుగుతోంది అక్కడ? ఏడుస్తున్నావా?"

ఆమె ఫోన్ పెట్టేసేసరికి పెద్దాయన వ్యాను తాళాలు పట్టుకుని షెడ్డు తలుపు దగ్గర ఉన్నాడు. బల్ల మీద గ్లాసు పడిపోయి, టీ తీగముక్క చుట్టూ పారుతోంది. ఆయన దాన్ని సర్దలేదు.

"నా దగ్గర టైలరమ్మ ఇచ్చిన ఆయన పెళ్లినాటి ఫొటో ఒక్కటే ఉంది," అంది డిటెక్టివ్ వ్యాను ఎక్కుతూ. "అంత జనంలో, ఇన్నేళ్ల తర్వాత, ఆ మొహం ఎలా పోల్చను?"

"మొహం నాకూ తెలీదమ్మా," అన్నాడు చెవి, ఆయాసపడుతూ ఆమె పక్కన ఎక్కి. చొక్కా బొత్తాం తప్పు కాజాలో పెట్టుకున్నాడు. "కానీ ఊరు దాటాలంటే టికెట్ కొనాలి. టికెట్ కొనాలంటే నోరు తెరవాలి. తెరిచేముందు గొంతు సవరించుకుంటాడు. నన్ను టికెట్ల కిటికీ పక్కన దింపండి చాలు."

పెద్దాయన బండి తిప్పాడు. రోడ్డు మీదికి వచ్చాక, ముందుకి చూస్తూనే అడిగాడు: "వినపడితే ఏం చేస్తావురా? ఇన్నేళ్లూ వినడం తప్ప ఏమీ చెయ్యలేదు మనం."

చెవి బొత్తాం విప్పి, సరైన దాంట్లో పెట్టుకున్నాడు.

"ఈసారి పలుకుతాను," అన్నాడు.